మీ రైస్ మిల్లులో క్వింటా బియ్యం ఎంతకు పడుతోంది? లెక్క కట్టే పద్ధతి

మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో మిల్లు నడిపేవారైనా, జూరాల నీళ్లు వచ్చాక వనపర్తి వైపు మిల్లు పెట్టినవారైనా, లెక్కల దగ్గర కూర్చోగానే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "వడ్లు ఈ రేటుకు కొంటే బియ్యం ఎంతకు పడుతుంది?" చాలామంది దగ్గర దీనికి నోటిలెక్క ఒకటి సిద్ధంగా ఉంటుంది. వడ్ల రేటును 0.67తో భాగించి, పైన మిల్లు ఖర్చని నూటయాభై కలుపుతారు. క్వింటా వడ్లు రూ.2,400 అయితే ఆ లెక్క ప్రకారం బియ్యం రూ.3,732కు పడాలి. కింద చూపిన పద్ధతిలో అదే లాటుకు రూ.4,176 తేలింది. ఈ రూ.444 తేడా ఎక్కడ పుట్టిందో చూపడానికే ఇది రాస్తున్నాను.

ఇందులోని రేట్లు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. వాటి స్థానంలో మీ బిల్లుల్లోని అంకెలు వేసుకోవాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- వేబ్రిడ్జి కాంటా చీటీలు. సొంత కాంటా లేకపోతే, లోపలికి వచ్చే ప్రతి పదో బస్తానైనా తూచి రాసుకున్న పుస్తకం.
- తేమ కొలిచే మీటరు.
- గత 12 నెలల కరెంటు బిల్లులు, జీతాల పుస్తకం, బీమా, మరమ్మతుల బిల్లులు.
- లాటు పుస్తకం. రెండు వందల పేజీల మామూలు నోటుబుక్కు చాలు. కంప్యూటర్‌లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ పుస్తకం అవసరమే, ఎందుకంటే ట్యాలీలో రూపాయలు కనిపించినంత స్పష్టంగా ఏ లాటులో ఎన్ని నూకలు వచ్చాయన్నది కనిపించదు.

1. లాటును విడదీయండి

ఖర్చును నెల మొత్తానికి కాక లాటుకు కట్టాలి. ఒకే రకం వడ్లు, దాదాపు ఒకే తేమ, ఒకే వారంలో కొన్నవి ఒక లాటు. సన్నాలను, దొడ్డు వడ్లను ఒకే లాటులో కలిపితే వచ్చే సగటు ఏ రకానికీ సరిపోదు. వానాకాలం వడ్లను, యాసంగి వడ్లను కూడా కలపకండి. ఎండలు ముదిరాక కోసిన యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుందని మిల్లు నడిపే మీకు చెప్పనక్కరలేదు. ఆ నూక లెక్కలో విడిగా కనిపించాలి.

మన ఉదాహరణ లాటు: 1,000 క్వింటాళ్ల సన్న వడ్లు, తేమ 17 శాతం.

2. మిల్లు గేటు దాకా అయిన ఖర్చు వేయండి

రైతుకు ఇచ్చిన రేటు ఒక్కటే సరుకు ఖర్చు కాదు. వడ్లు మీ గోదాములో నిట్టు వేసేదాకా అయిన ప్రతి రూపాయీ ఇందులోకే వస్తుంది.

- వడ్ల ధర, 1,000 × రూ.2,400: రూ.24,00,000
- లారీ కిరాయి: రూ.30,000
- దింపుడు హమాలీ: రూ.15,000
- మార్కెట్ ఫీజు: రూ.24,000
- మొత్తం: రూ.24,69,000

అంటే గేటు దగ్గరే క్వింటా రూ.2,469 అయింది.

3. తేమను, తాలును తీసేసి మళ్లీ తూకం కట్టండి

ఎక్కువ తప్పులు జరిగేది ఈ దశలోనే కాబట్టి ఇక్కడ కొంచెం నిదానించాలి. 17 శాతం తేమ ఉన్న వడ్లను 13 శాతానికి ఆరబెడితే తగ్గే బరువు 4 శాతమని అనుకుంటారు. అది తప్పు. వడ్లలో నీరు కాని భాగం 83 శాతం. ఆరినా ఆ భాగం మారదు, కానీ ఆరిన తర్వాత అదే భాగం మొత్తంలో 87 శాతం అవుతుంది. అందువల్ల సూత్రం ఇలా ఉంటుంది:

ఆరిన బరువు = కొన్న బరువు × (100 − మొదటి తేమ) ÷ (100 − ఆరాక తేమ)

1,000 × 83 ÷ 87 = 954 క్వింటాళ్లు. తగ్గింది 46 క్వింటాళ్లు, 40 కాదు. ఆ ఆరు క్వింటాళ్ల తేడా గేటు ధరలో దాదాపు రూ.15 వేలు.

తర్వాత తాలు, మట్టి, గడ్డి తీసేస్తే మరో 14 క్వింటాళ్లు పోయాయనుకుందాం. మరకు ఎక్కేది 940 క్వింటాళ్లు. రూ.24,69,000ను ఇప్పుడు 940తో భాగిస్తే, రూ.2,400కు కొన్న వడ్లు ఒక్క గింజ కూడా ఆడకముందే క్వింటా రూ.2,627 అయ్యాయి.

హెచ్చరిక: డ్రైయర్ దగ్గర మనిషి నిద్రపోయి తేమ 11 శాతానికి దిగిపోతే బరువు 933 క్వింటాళ్లకు పడిపోతుంది. అంటే అమ్ముకోగలిగిన 21 క్వింటాళ్ల బరువు ఆవిరైపోయినట్టు. ఆ నష్టం ఈ లాటులో దాదాపు రూ.55 వేలు, పైగా అతిగా ఆరిన గింజ మరలో విరుగుతుంది. ఇలాంటి నష్టాన్ని బియ్యం ఖర్చులో కలపకండి. ప్రతి లాటులోనూ తప్పనిసరిగా పోయేది సాధారణ నష్టం, అది బియ్యం మీద పడుతుంది. మనిషి పొరపాటువల్ల పోయింది అసాధారణ నష్టం, దాన్ని విడి పేజీలో రాసి నేరుగా లాభనష్టాల ఖాతాకు తీసుకువెళ్లాలి. లేకపోతే ఒక రాత్రి నిద్ర ఖరీదు బియ్యం రేటులో దాక్కుంటుంది, ఎవరికీ కనిపించదు.

మీటరు లేనివారు ప్రతి లాటు నుంచి నాలుగైదు బస్తాల నమూనా కలిపి దగ్గరి కొనుగోలు కేంద్రంలో చూపించుకోవచ్చు. పంటికింద కొరికి చెప్పే అనుభవం కొనేటప్పుడు పనికొస్తుంది కానీ, లెక్కకు పనికిరాదు.

4. మర నుంచి వచ్చిన నాలుగు కుప్పలను తూచండి

బియ్యాన్ని అందరూ తూస్తారు. నూకను, తౌడును అమ్మేటప్పుడు తూస్తారు. ఊకను చాలామంది తూయనే తూయరు. లాటు పుస్తకంలో మాత్రం నాలుగూ ఉండాలి.

- నిండు బియ్యం: 530 క్వింటాళ్లు
- నూక: 100
- తౌడు: 75
- ఊక: 215
- లెక్కకు దొరకనిది, అంటే దుమ్ము, రాళ్లు, గాలికి పోయిన పొడి: 20
- మొత్తం: 940

బియ్యం, నూక కలిపితే 630 క్వింటాళ్లు, మరకెక్కిన 940లో 67 శాతం. అందరి నోట్లో ఉండే 67 ఇదే. కానీ కొన్న 1,000 క్వింటాళ్ల మీద చూస్తే అది 63 శాతమే, మంచి రేటుకు పోయే నిండు బియ్యం ఒక్కటే చూస్తే 53 శాతమే. నోటిలెక్క తప్పేది ఇక్కడే: అది నూకను కూడా బియ్యం రేటుకు అమ్మేస్తుంది, తేమను లెక్కలోకే తీసుకోదు.

5. చర వ్యయాన్ని వేయండి

వడ్లు ఆడితే అయ్యేదీ, ఆడకపోతే కానిదీ చర వ్యయం. మన లాటుకు:

- కరెంటు, 3,500 యూనిట్లు × రూ.8: రూ.28,000
- లోపలి హమాలీ, ఆపరేటర్ల ఓవర్‌టైం, క్వింటాకు రూ.25: రూ.25,000
- పొట్టు ఊడదీసే రబ్బరు రోళ్లు, ఈ లాటు వంతు: రూ.8,000
- 26 కిలోల సంచులు, చిరిగిన రెండింటితో కలిపి 2,040 × రూ.20: రూ.40,800
- డ్రైయర్‌లో కాల్చిన ఊక, 65 క్వింటాళ్లు × రూ.250: రూ.16,250
- మొత్తం: రూ.1,18,050

సొంత ఊకకు డబ్బు ఎందుకు వేయాలని ప్రతి మిల్లులోనూ అడుగుతారు. దాన్ని కాల్చకపోతే అమ్ముకునేవారు కదా, అందుకు. ఇక్కడ ఖర్చుగా వేసి, ఏడో మెట్టులో మొత్తం 215 క్వింటాళ్లనూ రాబడిగా చూపితే లెక్క సరిపోతుంది. ఒకచోట వేసి ఇంకోచోట మరిచిపోతేనే చిక్కు.

కొన్ని ఖర్చులు పూర్తిగా చర వ్యయమూ కావు, ఆడినా ఆడకపోయినా తప్పని స్థిర వ్యయమూ కావు. కరెంటు బిల్లులో డిమాండ్ చార్జీ (తీసుకున్న లోడును బట్టి నెలనెలా పడేది), యూనిట్ల చార్జీ విడివిడిగానే ఉంటాయి కనుక అక్కడ కష్టం లేదు. జీతాలు, ఓవర్‌టైం కలిసిపోయి ఉంటే బాగా ఆడిన నెలనూ, ఖాళీగా ఉన్న నెలనూ పక్కపక్కన పెట్టండి. నవంబరులో 15,000 క్వింటాళ్లు ఆడితే రూ.3,90,000, ఆగస్టులో 2,000 క్వింటాళ్లు ఆడితే రూ.2,60,000 అయిందనుకుందాం. తేడా రూ.1,30,000ను 13,000 క్వింటాళ్లతో భాగిస్తే క్వింటాకు రూ.10 చర వ్యయం. ఆగస్టు మొత్తంలోంచి 2,000 × 10 తీసేస్తే మిగిలిన రూ.2,40,000 నెలనెలా తప్పని జీతం. ఆ రెండు నెలల మధ్య జీతాలు పెంచి ఉంటే మాత్రం ఈ పద్ధతి మోసం చేస్తుంది. అప్పుడు పెంపు తర్వాతి నెలలనే తీసుకోండి.

6. స్థిర వ్యయాన్ని ఏడాది ఆట మీద పంచండి

జీతాలు రూ.2,40,000, కరెంటు డిమాండ్ చార్జీ రూ.90,000, బీమా, లైసెన్సులు, ఆఫీసు రూ.40,000, యంత్రాల తరుగుదల రూ.1,30,000. నెలకు రూ.5 లక్షలు, ఏడాదికి రూ.60 లక్షలు. మిల్లు మామూలుగా ఏడాదికి 75,000 క్వింటాళ్లు ఆడుతుందనుకుంటే క్వింటా వడ్లకు రూ.80. మన లాటు వంతు రూ.80,000.

దీన్ని ఏ నెలకానెల భాగించకండి. వడ్లు ముంచెత్తే నవంబరులో 15,000తో భాగిస్తే క్వింటాకు రూ.33 వస్తుంది, ఖర్చు తక్కువని మురిసిపోయి రేటు దించేస్తారు. ఆగస్టులో 2,000తో భాగిస్తే రూ.250 వస్తుంది, బెదిరిపోయి వచ్చిన బేరాన్ని వదులుకుంటారు. మిల్లు రెండు నెలల్లోనూ అదే మిల్లు. సరుకు నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం 2 కూడా స్థిర వ్యయాన్ని మామూలు సామర్థ్యం మీదే పంచమంటుంది, ఖాళీగా ఉండటంవల్ల మిగిలిపోయిన భాగాన్ని ఆ కాలపు ఖర్చుగానే చూపమంటుంది.

తరుగుదల విషయంలో ఒక మాట. ఆదాయపు పన్నుకు యంత్రాల మీద తగ్గుతూ వచ్చే విలువపై 15 శాతం చొప్పున వేసే లెక్కను ఇక్కడికి తేకండి. అందులో మొదటి ఏళ్లలో ఎక్కువ, తర్వాత తక్కువ పడుతుంది, మీ బియ్యం రేటు ఏటా దానికదే తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. యంత్రం పనిచేసే ఏళ్లకు సమానంగా పంచుకోండి.

7. ఉప ఉత్పత్తుల రాబడి తీసేసి రేటు తేల్చండి

నూక, తౌడు, ఊకల రేట్లలోంచి వాటి సంచులు, హమాలీ తీసేసి చేతికి వచ్చే రేటు వేయాలి.

- నూక, 100 × రూ.2,500: రూ.2,50,000
- తౌడు, 75 × రూ.2,000: రూ.1,50,000
- ఊక, 215 × రూ.250: రూ.53,750
- మొత్తం: రూ.4,53,750

ఇక అసలు లెక్క:

- సరుకు రూ.24,69,000 + చర వ్యయం రూ.1,18,050 + స్థిర వ్యయం రూ.80,000 = రూ.26,67,050
- తీసివేత, ఉప ఉత్పత్తులు: రూ.4,53,750
- మిగిలింది: రూ.22,13,300
- 530తో భాగిస్తే క్వింటా నిండు బియ్యం: రూ.4,176
- 26 కిలోల సంచి: సుమారు రూ.1,086

ఆ చివరి గీత దగ్గర జాగ్రత్త. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా బియ్యం సంచికి జీఎస్టీ వచ్చాక మన దగ్గర సంచి 26 కిలోలైంది, కానీ గుమాస్తా చేతిలో క్యాలిక్యులేటర్ ఇంకా 25 దగ్గరే ఆగిపోయి, 26 కిలోల సంచికి 25 కిలోల రేటే కడుతున్న మిల్లులు నేను చూశాను. ఈ ఒక్క లాటులో ఆ పొరపాటు ఖరీదు సుమారు రూ.85 వేలు.

నూక ఎక్కువగా వచ్చి, దానికి మంచి రేటు కూడా ఉంటే, దాన్ని ఉప ఉత్పత్తిగా కాక రెండో ప్రధాన ఉత్పత్తిగా పెట్టి, ఉమ్మడి ఖర్చును అమ్మకపు విలువల దామాషాలో పంచవచ్చు. చిన్న మిల్లుకు ఆ శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం. ఏ పద్ధతి పట్టుకున్నా ఏడాది మధ్యలో మార్చకండి.

8. ఈ అంకెతో నిర్ణయాలు తీసుకోండి

బియ్యం రూ.4,500కు అమ్ముతూ దలాలీ, రవాణా కింద రూ.60 పోతే, లాటు మీద మొత్తం రాబడి ఉప ఉత్పత్తులతో కలిపి రూ.28,06,950. ఇందులోంచి సరుకు, చర వ్యయం రూ.25,87,050 తీసేస్తే రూ.2,19,900 మిగులుతుంది. క్వింటా వడ్లకు రూ.220. దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారు. స్థిర వ్యయం రూ.60 లక్షలను 220తో భాగిస్తే 27,273 క్వింటాళ్లు. ఏడాదిలో అంత ఆడితే లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇప్పుడు బియ్యం రేటు కదలకుండా వడ్ల రేటు ఒక్క వంద పెరిగిందనుకోండి. కాంట్రిబ్యూషన్ రూ.120కి పడిపోతుంది, గట్టెక్కాలంటే దాదాపు 50 వేల క్వింటాళ్లు ఆడాలి. వేలం పాటలో పక్క మిల్లువారితో పంతానికి పోయి వంద పెంచే ముందు ఈ ఒక్క గీత గుర్తుంటే చాలు.

మిల్లు ఖాళీగా ఉన్న ఆగస్టులో ఎవరైనా దలాలీ లేకుండా, మిల్లు దగ్గరే ఎత్తుకుంటామని రూ.4,150 ఇస్తామంటే? పూర్తి ఖర్చు రూ.4,176 కనుక నష్టమనిపిస్తుంది. కానీ స్థిర వ్యయం తీసేసి చూస్తే అదే బియ్యం రూ.4,025కే పడుతుంది. మర ఎలాగూ ఖాళీగా ఉంది కనుక క్వింటాకు రూ.125 జీతాలకు సాయపడుతుంది, తీసుకోండి. నవంబరులో అదే బేరం వస్తే వద్దనండి. పాత ఖాతాదారులకు ఆ రేటు తెలిసి అందరూ అదే అడిగే ప్రమాదం ఉందా అన్నది మాత్రం కాగితం చెప్పదు, మీరే తేల్చుకోవాలి.

పాత బియ్యం కోసం వడ్లను నిల్వపెట్టేవారు వడ్డీని విడి గీతగా రాయాలి. రూ.24,69,000 మీద 10 శాతం చొప్పున నాలుగు నెలలకు రూ.82,300, అంటే క్వింటా బియ్యానికి రూ.155. నాలుగు నెలల తర్వాత రేటు అంతకన్నా ఎక్కువ పెరగకపోతే మీరు గోదాము కాపలా కాసినట్టే.

సర్కారు వడ్లు ఆడిస్తుంటే

సర్కారు వడ్లు ఆడి బియ్యం అప్పజెప్పే కస్టమ్ మిల్లింగ్‌కు ఈ పేజీ పనికిరాదు, వేరే పేజీ తెరవాలి. అక్కడ వడ్లు మీవి కావు కనుక రెండో మెట్టులో వడ్ల ధర ఉండదు. రాబడి వైపు వడ్లు ఆడినందుకు ఇచ్చే కూలి, ఉప ఉత్పత్తులు ఉంటాయి. ఖర్చు వైపు చర వ్యయంతోపాటు ఒక ప్రత్యేక గీత ఉండాలి: పచ్చి బియ్యమైతే క్వింటా వడ్లకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి కాబట్టి, తక్కువ పడినది మీరు కొని పూడ్చినది. వడ్లు తీసుకునే రోజే తేమ రాసుకుంటే ఈ గీత ఎంత ఉండబోతోందో మూడో మెట్టు సూత్రంతో ఆ రోజే తెలుస్తుంది. సొంత వడ్లను, సర్కారు వడ్లను ఒకే లెక్కలో కలిపితే రెంటిలో ఏది మేపుతోందో, ఏది మేస్తోందో ఎప్పటికీ తేలదు, నిల్వల తనిఖీ రోజున వచ్చే తలనొప్పి దానికి అదనం.

లెక్క సరిగా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

తూకం కుదరాలి. నాలుగు కుప్పలు, దొరకనిది కలిపితే మరకెక్కిన వడ్ల బరువు రావాలి. దొరకనిది ఒక్కసారిగా 2 శాతం నుంచి 4కు పెరిగితే కాంటాలోనో, తౌడు గదిలోనో, గేటు దగ్గరో ఏదో జరుగుతోంది. దొరకనిది సున్నా అని వస్తే ఇంకా అనుమానించాలి, ఎవరో ఊక బరువును మిగతా అంకెలకు సరిపోయేలా రాశారు.

సంచుల లెక్క కుదరాలి. వాడిన సంచులు × 26 కిలోలు నిండు బియ్యం బరువుకు దగ్గరగా ఉండాలి.

కరెంటు మీటరు రీడింగును లాటు మొదట్లో, చివర్లో రాయండి. క్వింటా వడ్లకు మన ఉదాహరణలో మూడున్నర యూనిట్లు. ఇది లాటు లాటుకూ పెరుగుతుంటే బెల్టో, బేరింగో, ఖాళీగా తిరిగే మోటారో కారణం కావచ్చు.

నూక శాతాన్ని ప్రతి లాటుకూ ఒకే గీత కింద వరుసగా రాయండి. నేను లెక్కలు చూసిన ఒక మిల్లులో రబ్బరు రోళ్లు ఇంకో వారం నడుస్తాయని మార్చకుండా ఆపారు. ఖర్చుల పేజీలో ఆ నెల రోళ్ల గీత ఖాళీగా ఉండటం చూసి నేను కూడా బాగుందనే అనుకున్నాను, అది నా తప్పు. పొట్టు ఊడని గింజ మళ్లీ మళ్లీ మరలోకి వెళ్లి విరిగింది, వెయ్యి క్వింటాళ్ల వడ్లకు పది క్వింటాళ్ల నిండు బియ్యం నూకలోకి జారింది. పై రేట్ల ప్రకారం అది సంచుల ఆదా పోను కూడా రూ.18 వేల పైచిలుకు నష్టం, ఆదా చేసింది రూ.8 వేలు.

చివరిగా, మార్చి 31 తర్వాత లాటుల మీద క్వింటాకు రూ.80 చొప్పున వేసిన స్థిర వ్యయాన్నంతా కూడి, ట్యాలీలో నిజంగా అయిన మొత్తంతో పోల్చండి. 75,000 అనుకుని 68,000 క్వింటాళ్లే ఆడితే వేసింది రూ.54,40,000, అయింది రూ.60 లక్షలు. మిగిలిన రూ.5,60,000ను ఏప్రిల్ లాటుల మీదకు నెట్టకుండా ఆ ఏడాది నష్టంగానే రాసి, కొత్త ఏడాదికి 75,000 అన్న అంచనా ఇంకా నిలుస్తుందో లేదో చూసుకుని కొత్త రేటు కట్టండి.